మతిమరుపు జబ్బుకి మన జిల్లాలో పెద్దదిక్కు ఎవరు?

కాలవగట్టు · ఆదివారం రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఇక్కడ కొబ్బరి ధరలు, కాలవ నీళ్ళ సంగతులు రోజూ చదువుతాను గానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిక పట్టండి.

మా నాన్నగారు ఇరిగేషన్‌లో లస్కరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా ఒకే కాలవ మీద గడిచింది. ఏ తూముకి ఎన్ని చుట్లు తిప్పితే ఏ చేలోకి ఎంత నీరు పారుతుందో ఆయన చేతికే తెలుసు. ఇప్పుడు 76 ఏళ్ళు. నాలుగేళ్ళ కిందట మొదలైంది. ముందు పింఛను డబ్బు ఎక్కడ పెట్టారో మర్చిపోయేవారు. తర్వాత నన్ను మా మేనత్త పేరుతో పిలవడం మొదలెట్టారు. ఇప్పుడు రాత్రి రెండింటికి లేచి టార్చిలైటు వెతుక్కుంటారు. "శివారుకి నీళ్ళందలేదు, రైతులొచ్చి కూర్చున్నారు, వెళ్ళాలి" అంటారు. తలుపు తీయకపోతే గొళ్ళెం పట్టుకుని షట్టరు తిప్పినట్టు తిప్పుతూనే ఉంటారు. తెల్లారేసరికి అరచెయ్యి కందిపోతుంది.

మొదట్లో టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. "డెబ్బై దాటాయి కదమ్మా, చాదస్తం" అని నిద్రమాత్రలు రాశారు. ఆ మత్తుకి పగలంతా తూలి, వారం తిరక్కుండానే వాకిట్లో పడ్డారు. నుదుటి మీద ఆరు కుట్లు. అలా రెండేళ్ళు పోయాయి. చివరికి ఒక నరాల డాక్టరుగారు గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడి, రక్తపరీక్షలు, స్కాను చూసి ఆల్జీమర్స్ అన్నారు. ఆ రోజు ఏడ్చాను. ఏడ్చాక మనసు కుదుటపడింది కూడా. అప్పటిదాకా కావాలని చేస్తున్నారనుకుని కసిరేదాన్ని.

నా ప్రశ్న ఇది. మలేరియాకి జిల్లాలో ఒక అధికారి ఉన్నారు. క్షయకి ఉన్నారు, కుష్ఠుకి ఉన్నారు. ఈ జబ్బు ఎవరి పని? రెండు మూడు ఆఫీసుల్లో అడిగాను. ఒకచోట మానసిక వైద్యం వాళ్ళన్నారు, ఇంకోచోట వృద్ధుల సంక్షేమం అన్నారు. వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇద్దామని ఉంది. ఏమడగాలో తెలియడం లేదు. "మా నాన్నని చూసుకోండి" అని అర్జీ పెట్టలేను కదా. తెలిసినవాళ్ళు చెప్పండి.

రాజోలు మాస్టారు · ఆదివారం రాత్రి 11:20

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా ఆవిడ పోయి మూడేళ్ళయింది, చివరి అయిదేళ్ళూ ఇదే. కాబట్టి ఆ గొళ్ళెం చప్పుడు నాకు తెలుసు.

మీ శీర్షికలోని మాట సరైన మాట. పెద్దదిక్కు లేని ఇంట్లో పని ఎలా నడుస్తుందో ఈ జబ్బు సంగతీ అలాగే నడుస్తోంది, ఎవరికి తోచింది వాళ్ళు చెప్తారు. అర్జీ రాయడంలో నేను సాయం చేస్తాను, నాలుగు పదుల ఏళ్ళు పిల్లల చేత సెలవు చీటీలు రాయించినవాణ్ణి. ముందు డాక్టర్లెవరైనా ఉంటే లెక్కలు చెప్పండి. లెక్క లేని అర్జీ ఫైల్లో నిలబడదు.

స్టెతస్కోప్ · సోమవారం ఉదయం 6:35

నేను కాకినాడలో పనిచేస్తున్న జనరల్ మెడిసిన్ డాక్టర్ని. మా ఊరు ముమ్మిడివరం వైపు.

కాలవగట్టు గారూ, ముందు ఒక మాట అడగాలి. నాన్నగారు పడ్డాక మళ్ళీ తల స్కాను తీశారా? పెద్దవాళ్ళు పడినప్పుడు పుర్రెలోపల రక్తం కొద్దికొద్దిగా చేరి, వారాల తర్వాత మతిమరుపు పెరిగినట్టు కనిపిస్తుంది. దాన్ని తీసేస్తే చాలావరకు కోలుకుంటారు. అలాగే బి12 విటమిన్ తగ్గినా, థైరాయిడ్ మందగించినా, దిగులు జబ్బు ఉన్నా, కొన్ని రకాల మాత్రల వల్లా డిమెన్షియాలాంటి లక్షణాలే వస్తాయి. డిమెన్షియా అంటే ఈ మతిమరుపు జబ్బే, ఆల్జీమర్స్ అందులో ఒక రకం. ఇవన్నీ సరిచేయదగ్గవి. "వయసు కదా" అని వదిలేస్తే జరిగే మొదటి నష్టం ఇదే.

మాస్టారు అడిగిన లెక్కలు: మన దేశంలో 60 దాటినవాళ్ళ మీద జరిగిన లాసి-డాడ్ అనే పెద్ద సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. ఎయిమ్స్‌కి చెందిన డాక్టర్ ఎ.బి. డే, అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉన్న జింకూక్ లీ దాన్ని నడిపించినవాళ్ళలో ముఖ్యులు. 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని తేలింది. అంటే దాదాపు 88 లక్షల మంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువ, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. 2036 నాటికి కోటి 69 లక్షలు అవుతారని అంచనా.

పల్లెల్లో ఎక్కువ అన్న మాట దగ్గర ఆగండి. నరాల డాక్టర్లు ఎక్కడున్నారో, ఈ జబ్బు ఎక్కడుందో చూస్తే రెండూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి.

కాలవగట్టు · సోమవారం ఉదయం 7:10

తీశారండి, పడ్డ నెలకి మళ్ళీ తీశారు. రక్తం లేదన్నారు. బి12 తక్కువుందని ఇంజెక్షన్లు ఇచ్చారు. నడకలో కొంచెం తేడా వచ్చింది, మతిలో రాలేదు.

కొబ్బరితోట · సోమవారం మధ్యాహ్నం 1:15

అందరికీ బాధ ఉంది, కాదనను. కానీ నిజం మాట్లాడుకుందాం. పీహెచ్‌సీలో జ్వరానికి డాక్టరు దొరికితే అదృష్టం అనుకునే చోట మతిమరుపుకి క్లినిక్కా? మా లంకలో వరదొస్తే గర్భిణిని పడవ మీద దాటించాలి. అర్జీ తీసుకుని రసీదు ఇస్తారు, అక్కడితో సరి. ఆ బస్సు ఛార్జీలతో నాన్నగారికి పళ్ళు కొనండి.

ఇంకో మాట కూడా ఉంది. ఇంటింటికీ తిరిగి "మీకు ఈ జబ్బుంది" అని చెప్పేసి వెళ్ళిపోతే ఏం లాభం? మందు లేదు, చూసేవాళ్ళు లేరు. తెలియకపోవడమే నయం.

స్టెతస్కోప్ · సోమవారం రాత్రి 9:40

కొబ్బరితోట గారు చెప్పిన రెండో మాట తీసిపారేసేది కాదు. చూపించే చోటు లేకుండా జబ్బు పేరు మాత్రం చెప్పడం తప్పే. దాన్ని ఒప్పుకుంటాను.

మొదటి మాట ఒప్పుకోను. ఈ రంగంలో ఇప్పటిదాకా కదిలిన ప్రతి పనీ, "మన దగ్గర ఇది కుదరదు" అన్నచోట ఒకరు పూనుకుంటేనే కదిలింది. కేరళలో డాక్టర్ కె. జాకబ్ రాయ్ 1992లో ఈ రోగుల కోసం ఏఆర్‌డీఎస్ఐ అనే సంఘం పెట్టారు. అప్పటికి మన దేశంలో ఈ జబ్బు లేదనే అనుకునేవారు, ఉమ్మడి కుటుంబాల్లో రాదనేవారు. 2010లో ఆ సంఘమే దేశం మొత్తానికి నివేదిక తెచ్చింది, 37 లక్షల మంది ఉన్నారని చెప్పింది. 2014లో కేరళ ప్రభుత్వం ఆ సంఘంతో కలిసి రాష్ట్ర స్థాయి కార్యక్రమం మొదలుపెట్టింది. మధ్యలో 22 ఏళ్ళు. జాకబ్ రాయ్ ఆల్జీమర్స్ సంఘాల ప్రపంచ సమాఖ్యకి కూడా అధ్యక్షులుగా పనిచేశారు.

పరిశోధన సంగతీ అంతే. 1998లో కొచ్చిలో కొంతమంది కూర్చుని ఒక బృందం పెట్టుకున్నారు, దాని పేరే 10/66. డిమెన్షియా ఉన్నవాళ్ళలో 66 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లో ఉంటే, జనాభా మీద జరిగే పరిశోధనలో పది శాతం కూడా అక్కడ జరగడం లేదని ఆ పేరుకి అర్థం. లండన్‌కి చెందిన మార్టిన్ ప్రిన్స్ ముందుండి నడిపారు. మన చెన్నై, వెల్లూరు కూడా అందులో ఉన్నాయి.

మనకి మరీ దగ్గరి మనిషి డాక్టర్ సువర్ణ అల్లాడి. ఇప్పుడు బెంగళూరులోని జాతీయ మానసిక, నరాల వైద్యసంస్థ నిమ్హాన్స్‌లో ఉన్నారు గానీ, అంతకుముందు హైదరాబాద్ నిమ్స్‌లో మెమరీ క్లినిక్ నడిపారు. అక్కడికి వచ్చిన 648 మంది రోగుల వివరాలతో 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైందని తేలింది. అంతకుముందు కెనడాలో ఇలాంటిదే చూశారు గానీ అక్కడ రెండు భాషలవాళ్ళు ఎక్కువగా వలస వచ్చినవాళ్ళు. తేడా భాష వల్లా, వలస వల్లా అని సందేహం ఉండేది. హైదరాబాద్‌లో తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడేవాళ్ళు పుట్టి పెరిగినవాళ్ళే. పైగా బడి ముఖం చూడనివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. చదువు వల్ల కాదు, మాట వల్లే అని చెప్పడానికి అది పెద్ద ఆధారం. ప్రపంచమంతా ఉదహరించే ఆ పని మన తెలుగు రోగుల దగ్గర కూర్చుని చేసినది.

రాజోలు మాస్టారు · సోమవారం రాత్రి 10:05

ఇది నాకు తెలియదు. మా ఆవిడ యానాం పిల్ల, చిన్నప్పుడు ఫ్రెంచి బడికి వెళ్ళింది. చివర్లో నా పేరు మర్చిపోయింది గానీ ఆ బడిలో నేర్చుకున్న పాట ఒకటి పూర్తిగా పాడేది.

డల్లాస్‌లో భీమవరం · మంగళవారం ఉదయం 5:50

మా అమ్మ భీమవరంలో ఒక్కతే ఉంటుంది. ఫోన్లో ఒకే మాట నాలుగుసార్లు అడుగుతోంది. అందుకే ఈ చర్చ వదలకుండా చదువుతున్నాను. ఇక్కడ లెకానెమాబ్ అని కొత్త మందు ఇస్తున్నారు కదా, అది మన దగ్గరికి తెప్పించడానికి ఫండ్ పోగుచేస్తే ఎలా ఉంటుంది? ఇక్కడ మన గోదావరి వాళ్ళు చాలామంది ఉన్నాం.

స్టెతస్కోప్ · మంగళవారం ఉదయం 6:30

అన్నయ్యా, మనసు మంచిదే. కానీ ఆ మందు సంగతి వినండి. దాదాపు 1,800 మంది మీద 18 నెలలు పరీక్షించారు. జబ్బు ముదిరే వేగం 27 శాతం తగ్గింది. ఆగలేదు, వెనక్కి పోలేదు. తొలిదశలో ఉన్నవాళ్ళకే పనికొస్తుంది. మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుందని ముందు ప్రత్యేక స్కానుతోగానీ వెన్ను నీటి పరీక్షతోగానీ తేల్చాలి. మొదట్లో రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించాలి, మెదడు వాపు, రక్తస్రావం వచ్చాయేమో చూడటానికి మళ్ళీ మళ్ళీ ఎంఆర్ఐ తీయాలి. తొలిదశలో గుర్తించే ఏర్పాటే లేనిచోట ఆ మందు ఎవరికిస్తాం?

దానికంటే ముందు చేయగలిగినవి చాలా ఉన్నాయి. జిల్ లివింగ్‌స్టన్ నాయకత్వంలో లాన్సెట్ వైద్యపత్రిక వేసిన కమిషన్ 2024లో 14 కారణాలు చెప్పింది. వాటన్నిటినీ సరిచేయగలిగితే డిమెన్షియాలో 45 శాతం దాకా రాకుండా ఆపడమో ఆలస్యం చేయడమో కుదురుతుందంది. బీపీ, షుగరు, చెవుడు, చూపు మందగించడం, పొగ, చదువు లేకపోవడం, ఒంటరితనం అందులోవే. ముందు అమ్మగారి చెవులు చూపించండి. ఫోన్లో మాట సరిగా వినపడకపోయినా అడిగిందే అడుగుతారు.

డల్లాస్‌లో భీమవరం · మంగళవారం ఉదయం 6:44

చెవి సంగతి నాకు తట్టనే లేదు డాక్టరుగారూ. ఈ వారమే మా బావని తీసుకెళ్ళమంటాను.

అంతర్వేది అక్క · మంగళవారం రాత్రి 8:30

నాకు అంత బాగా రాయడం రాదు. మా పాప టైపు చేస్తోంది, నేను చెప్తున్నాను.

నేను కువైట్‌లో తొమ్మిదేళ్ళు ఉన్నాను. అందులో ఆరేళ్ళు ఒక పెద్దావిడని చూసుకున్నాను. ఆవిడకి ఇదే జబ్బు. రోజూ సాయంత్రం అయ్యేసరికి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తానని బురఖా వేసుకుని గుమ్మం దగ్గర నిలబడేది. వాళ్ళమ్మ పోయి నలభై ఏళ్ళు. మొదట్లో నేను "మీ అమ్మ లేదమ్మా" అని చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ అప్పుడే కబురు తెలిసినట్టు గుండెలు బాదుకునేది. అక్కడికొచ్చే నర్సు నాకు చెప్పింది, లేదు అనకు, వాళ్ళమ్మ గురించి అడుగు అని. "మీ అమ్మ ఏం వండేది?" అని అడిగితే కూర్చునేది. చెప్తూ చెప్తూ వెళ్ళడం మర్చిపోయేది.

చెల్లీ, నాన్నగారు నీళ్ళు వదలాలంటే వద్దనకు. "సరే నాన్నా, టీ తాగి వెళ్దాం" అను. ఏ తూము, ఎవరి చేను అని అడుగు. పగలు నడిపించు, మధ్యాహ్నం ఎక్కువసేపు పడుకోనివ్వకు. రాత్రి చిన్న లైటు ఉంచు, చీకట్లో బెదురు ఎక్కువ. గుమ్మం ముందు నల్లటి పట్టా వేసి చూడు, కొంతమంది దాన్ని గొయ్యి అనుకుని దాటరు. అందరికీ పనిచేయదు, భయపడితే తీసెయ్యి. చేతికి ఏదో ఒక పని ఇవ్వు. ఆ చెయ్యి ముప్ఫై ఏళ్ళు తిప్పింది కదా, ఊరికే ఉండమంటే ఎలా ఉంటుంది?

ఇంకో సంగతి. ఈ చుట్టుపక్కల నాలాంటివాళ్ళు ఊరికి పదిమంది దొరుకుతారు. గల్ఫ్‌లో ముసలివాళ్ళని చూసి చూసి చేయితిరిగినవాళ్ళం. అక్కడ దానికి జీతమిచ్చారు. ఇక్కడికొచ్చి మా అత్తగారికి అదే చేస్తుంటే కోడలు కదా, చెయ్యక ఏం చేస్తుంది అంటారు.

పీహెచ్‌సీ సిస్టర్ · మంగళవారం రాత్రి 10:15

అక్కా, మీరు చెప్పింది మా ట్రైనింగ్‌లో ఎక్కడా లేదు. రాసుకున్నాను.

నేను విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీని, అంటే అక్కడ రోగుల్ని చూసే నర్సుని. రెండు రోజులుగా రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి 30 దాటినవాళ్ళందరికీ సీబ్యాక్ అనే ఫారం నింపుతారు. షుగరు, బీపీ, క్యాన్సర్ అనుమానాలు పట్టుకోవడానికి. అందులో 60 దాటినవాళ్ళకి విడిగా కొన్ని ప్రశ్నలున్నాయి. ఒక ప్రశ్న ఇది: దగ్గరివాళ్ళ పేర్లుగానీ సొంత ఇంటి చిరునామాగానీ మర్చిపోతున్నారా?

అంటే ప్రభుత్వం ఈ ప్రశ్నని ఎప్పుడో అడిగింది. కొత్తగా ఎవరూ కనిపెట్టక్కర్లేదు. షుగరు ప్రశ్నకి "అవును" అని వస్తే నాకు దారి తెలుసు, గ్లూకోమీటరు ఉంది, మాత్రలున్నాయి, ఎక్కడికి పంపాలో తెలుసు. ఈ ప్రశ్నకి "అవును" అని వస్తే నేను టిక్కు పెట్టి పేజీ తిప్పుతాను. ఇన్నాళ్ళూ అదే చేశాను. ఇవాళ పాత ఫారాలు తీసి ఆ "అవును"లన్నీ వేరే పుస్తకంలో రాశాను. ఒక పేజీ నిండింది. అందులో ఇద్దరు ఇప్పటికే పోయారు.

కొబ్బరితోట · మంగళవారం రాత్రి 10:40

సిస్టర్ గారూ, ఈ ఫారం మా ఇంట్లో కూడా రాసుకెళ్ళారు. మా నాన్న ఆ ప్రశ్నకి ఏం చెప్పాడో నేను పక్కన లేను. నేను నిన్న రాసిన మాటల్లో "తెలియకపోవడమే నయం" అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. ఆయన ఈ మధ్య దింపు కూలీలకి రెండుసార్లు డబ్బిచ్చేశాడు. నేను అరిచాను.

రాజోలు మాస్టారు · బుధవారం ఉదయం 5:30

రాత్రంతా ఆ "అవును" మాట తిరుగుతూనే ఉంది. అమ్మా కాలవగట్టూ, మీ అర్జీ దొరికింది. కొత్త ఆసుపత్రి అడగొద్దు, కొత్త పథకం అడగొద్దు. "మీరే అడిగిన ప్రశ్నకి జవాబొచ్చింది, ఆ జవాబు ఎవరి బల్ల మీదికి వెళ్ళాలి?" అని అడుగుదాం.

అర్జీలో ఏ పేరు వాడాలన్నది మాత్రం తేల్చుకోవాలి. పుస్తకాల్లో చిత్తవైకల్యం అంటారు. నాకది ససేమిరా ఇష్టం లేదు. ఊళ్ళో ఎవరికీ అర్థం కాదు, అర్థమైనవాళ్ళకి పిచ్చి అని వినపడుతుంది. జపాన్‌లో ఇలాగే తెలివితక్కువతనం అని ధ్వనించే పాత మాట ఉండేదిట. 2004లో ప్రభుత్వమే దాన్ని మార్చి నిన్చిషో అనే మాట పెట్టింది. ఆ తర్వాతి ఏడాది నుంచే మామూలు జనానికి, బ్యాంకు గుమాస్తాలకి, దుకాణదారులకి గంటన్నర తరగతి పెట్టి, నేర్చుకున్నవాళ్ళకి చేతికి నారింజరంగు పట్టీ ఇవ్వడం మొదలెట్టారు. అలా నేర్చుకున్నవాళ్ళు కోటి దాటారు. ముందు పేరు మార్చారు, తర్వాతే మనుషులు ముందుకొచ్చారు.

పీహెచ్‌సీ సిస్టర్ · బుధవారం మధ్యాహ్నం 2:05

పేరు సంగతి చాలా ముఖ్యం మాస్టారూ. "మతిమరుపుందా?" అని అడిగితే ప్రతి ఇంట్లోనూ నవ్వి, ఉందంటారు. "ఇంటి దారి తప్పారా, పేర్లు మర్చిపోతున్నారా" అని అడిగితే కోడలు మామగారి వైపు చూస్తుంది, లేదు లేదు అంటుంది. ఇంట్లో మతి చెడినవాళ్ళున్నారంటే పిల్ల సంబంధం తప్పిపోతుందని భయం. నేను "మతిమరుపు జబ్బు" అంటున్నాను. జబ్బు అన్న మాట చేరిస్తే తప్పు మనిషి మీద పడదు.

డాక్టరుగారూ, ఒక సందేహం. నేను అనుమానం వచ్చినవాళ్ళని పరీక్షించాలంటే ఎలా? మావాళ్ళలో చాలామందికి సంతకం కూడా రాదు. తేదీ, నెల అడిగితే మామూలు మనిషే చెప్పలేడు.

స్టెతస్కోప్ · బుధవారం రాత్రి 9:15

దీనికి మన దేశంలోనే జవాబు ఉంది. 1990ల్లో హర్యానాలోని బల్లబ్‌గఢ్ పల్లెల్లో మేరీ గంగూలీ బృందం ఇదే ఇబ్బంది పడింది. ఇంగ్లీషు పరీక్షలో ఒక మాట అక్షరాలు వెనకనుంచి చెప్పమంటారు. వీళ్ళు దాని బదులు వారాల పేర్లు వెనకనుంచి చెప్పమన్నారు. కాగితం మీద రాసింది చదివి కళ్ళు మూసుకోమనే బదులు, నా ముఖం చూసి నేను చేసినట్టు చెయ్యమన్నారు. వాక్యం రాయమనే బదులు, మీ ఇంటి గురించి ఏదైనా చెప్పమన్నారు. చదువు రానంతమాత్రాన జబ్బు ముద్ర పడకుండా కాపాడిన పని అది. తర్వాత కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ వాళ్ళు తెలుగుతో సహా అయిదు భాషల్లో పరీక్షల పెట్టె తయారుచేశారు. ఉంది. మన క్లినిక్‌ల దాకా రాలేదు.

అయితే మొదటి మెట్టులో ఇవేవీ అక్కర్లేదు సిస్టర్. ఇంట్లోవాళ్ళని అడగండి. ఏడాది కిందట చేసుకునే ఏ పని ఇప్పుడు చేసుకోలేకపోతున్నారు? డబ్బు లెక్క, వంట, దారి, మందులు వేసుకోవడం. మార్పు ఉంటే బీపీ, షుగరు, బి12, థైరాయిడ్, చెవి, చూపు చూసి, అప్పుడు పై డాక్టరుకి పంపండి.

పొరుగున కర్ణాటకలో 2022లో నిమ్హాన్స్, రాష్ట్ర ప్రభుత్వం, నీతి ఆయోగ్ కలిసి మెదడు ఆరోగ్య కార్యక్రమం మొదలెట్టాయి. పీహెచ్‌సీ డాక్టర్లకి శిక్షణ ఇచ్చి, కోలార్, చిక్కబళ్ళాపూర్ లాంటి జిల్లా ఆసుపత్రుల్లో క్లినిక్‌లు తెరిచారు. ఆ కోలార్ జిల్లా శ్రీనివాసపురంలోనే విజయలక్ష్మీ రవీంద్రనాథ్ గారు మొదలుపెట్టిన సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ 45 దాటిన పల్లెవాసుల్ని ఏళ్ళ తరబడి వెంటబెట్టుకుని పరీక్షిస్తోంది, పదివేల మంది లక్ష్యంగా. ఆ జిల్లాలో పరిశోధన, క్లినిక్ పక్కపక్కన ఉన్నాయి. మన అర్జీలో ఈ ఉదాహరణ రాయండి. "పక్క రాష్ట్రంలో చేశారు" అన్న మాటకి ఆఫీసుల్లో విలువ ఎక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సంగతి కూడా ఒక వాక్యం చేర్చండి. 2017లో ఆ సంస్థలోని దేశాలన్నీ 2025 కల్లా 75 శాతం దేశాల్లో డిమెన్షియా విధానం ఉండాలని లక్ష్యం పెట్టుకున్నాయి. అది నెరవేరక గడువుని 2031 దాకా జరుపుకున్నాయి. పైన జెనీవాలో ఆలస్యం ఎందుకైందో నాకు మన సిస్టర్ పుస్తకంలోని పేజీ చూస్తేనే అర్థమైంది.

కొబ్బరితోట · గురువారం ఉదయం 8:20

డబ్బు విషయం కూడా అర్జీలో పెట్టండి. మామూలు వృద్ధాప్య పింఛను నెలకి 4,000. పూర్తిగా మంచాన పడ్డవాళ్ళకి 15,000 ఉంది. మతిమరుపు జబ్బు మనిషి నడుస్తాడు, అదే అసలు కష్టం. నడుస్తాడు కాబట్టి ఇంట్లో ఒకరు పని మానుకుని వెనక తిరగాలి. 2016 వికలాంగుల చట్టంలో 21 రకాలున్నాయి, పార్కిన్సన్స్ పేరుంది, డిమెన్షియా పేరు విడిగా లేదు. రాత్రి కూర్చుని చదివాను.

రాజోలు మాస్టారు · శుక్రవారం సాయంత్రం 6:00

ముసాయిదా పెడుతున్నాను, దిద్దండి.

"అయ్యా, మా గ్రామాల్లో ఆశా కార్యకర్తలు నింపే సీబ్యాక్ ఫారంలో, దగ్గరివాళ్ళ పేర్లు, ఇంటి చిరునామా మర్చిపోతున్నారా అనే ప్రశ్నకు అవునని చెప్పిన పెద్దలు ఉన్నారు. వారిని ఎక్కడికి పంపాలో క్షేత్రస్థాయి సిబ్బందికి ఆదేశం లేదు. కావున జిల్లాలో ఈ మతిమరుపు జబ్బుకు బాధ్యత వహించే ఒక వైద్యాధికారిని పేరుతో నియమించవలసిందిగా, ఆ ప్రశ్నకు అవునన్న వారికి నెలలో ఒక రోజు ఒక ఆసుపత్రిలో పరీక్ష ఏర్పాటు చేయవలసిందిగా, వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు 2010 నుండి ఉన్న జాతీయ కార్యక్రమం కిందనే దీనిని చేర్చవలసిందిగా కోరుతున్నాము. గల్ఫ్ దేశాలలో వృద్ధుల సంరక్షణలో అనుభవం పొంది తిరిగివచ్చిన మహిళల చేత ఇళ్ళలోని వారికి శిక్షణ ఇప్పించి, అందుకు గౌరవవేతనం ఇవ్వవలసిందిగా ప్రార్థన."

పింఛను మాట వేరే అర్జీగా పెడదాం. రెండూ కలిపితే రెండూ ఆగుతాయి.

అంతర్వేది అక్క · శుక్రవారం రాత్రి 7:45

గౌరవవేతనం అని కాకుండా జీతం అని రాయండి మాస్టారూ.

రాజోలు మాస్టారు · శుక్రవారం రాత్రి 7:58

మార్చానమ్మా. జీతం.

కాలవగట్టు · సోమవారం రాత్రి 9:30

అర్జీ ఇచ్చాను. మాస్టారు, అంతర్వేది అక్క కూడా వచ్చారు. కొబ్బరితోట గారు సొంత ఖర్చుతో కారు మాట్లాడి, వాళ్ళ నాన్నగారిని కూడా ఎక్కించుకొచ్చారు. లైన్లో రెండు గంటలు కూర్చున్నాం. తీసుకున్న అధికారిగారు సీబ్యాక్ ప్రశ్న దగ్గర ఆగి, పక్కనున్న వైద్యశాఖ ఆవిడని "ఈ ప్రశ్న నిజంగా ఉందా?" అని అడిగారు. ఆవిడ ఉందన్నారు. "మరి ఎవరు చూస్తున్నారు?" అన్నారు. ఆవిడ ఏమీ అనలేదు. అర్జీ వైద్యశాఖకి రాసి రసీదు ఇచ్చారు. బయటికొచ్చాక ఆ ఆవిడే వెనక నుంచి పిలిచి, సిస్టర్ పుస్తకంలోని పేజీ ఫొటో పంపమని నంబరిచ్చారు. వాళ్ళ అమ్మగారికి కూడా ఇదేనట.

ఇంటికొచ్చేసరికి నాన్న మెలకువగా ఉన్నారు. అక్క చెప్పినట్టు వారం నుంచి నా పాత కుట్టుమిషను చక్రం ఆయన మంచం పక్కన పెట్టాను, బెల్టు తీసేసి. తిప్పుకుంటూ లెక్కపెడతారు. ఇవాళ పదకొండు దగ్గర ఆపి "ఇక చాలు, శివారుకి చేరుతుంది" అన్నారు. పడుకున్నారు.

స్టెతస్కోప్ · సోమవారం రాత్రి 10:10

ఆవిడ నాకు ఫోన్ చేశారు, మీరు నా పేరు చెప్పారట. ఆదేశం వచ్చేదాకా ఆగకుండా వచ్చే నెల రెండో ఆదివారం నేను సొంతంగా వచ్చి సిస్టర్ పేజీలో ఉన్నవాళ్ళని చూస్తాను. బి12, థైరాయిడ్ పరీక్షల ఖర్చు డల్లాస్ అన్నయ్య పెట్టుకుంటానన్నారు. ఎక్కడ కూర్చోమంటారు?

పీహెచ్‌సీ సిస్టర్ · సోమవారం రాత్రి 10:22

ఆదివారం క్లినిక్ తాళం నా దగ్గరే ఉంటుంది, పైవాళ్ళని అడిగి తెరుస్తాను. పెద్దవాళ్ళకి కొత్త చోటంటే బెదురు కదా, కుదరకపోతే రామాలయం అరుగు మీద పెడదాం, అందరికీ అలవాటైన చోటు. యానాం మీదుగా వచ్చేటట్టయితే ఎదుర్లంక దాటాక ఫోన్ చెయ్యండి, బండి పంపిస్తాను.